పార్క్‌లేన్‌లో వంపు తెర వేట

ఒకప్పుడు కంప్యూటర్ తెర బొజ్జ ముందుకు పెట్టుకుని కూర్చునేది. కొన్నాళ్లకు ఒళ్లు తగ్గించి పలకలా సన్నబడింది. ఇప్పుడేమో ఏకంగా పొట్ట లోపలికి పీల్చుకుని, రెండు చేతులూ బారజాపి 'రా రమ్మని' పిలుస్తోంది. ఆ వెడల్పాటి వంపు తెరను ఎంచుకోవడమెలాగో తెలియాలంటే సికింద్రాబాద్‌లోని పార్క్‌లేన్ మెట్లెక్కాలి!

పారడైజ్ మెట్రో స్టేషన్లో దిగగానే ముందు పలకరించేది బిర్యానీ వాసన. 1953 నుంచీ ఆ కూడలికి పేరు తెచ్చిపెట్టిన హోటల్ అక్కడే ఉంది మరి! ఆ వాసనను దాటుకుని కొద్ది నిమిషాలు నడిస్తే పార్క్‌లేన్. అక్కడ ఎవరినడిగినా చూపించే భవనం చెనాయ్ ట్రేడ్ సెంటర్. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. అందరికీ అది సీటీసీనే. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, ముంబయికి లామింగ్టన్ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్డు ఎలాగో... జంటనగరాలకు సీటీసీ అలాగ.

లోపలికి అడుగుపెడితే అదో వేరే లోకం. భుజం తగలకుండా నడవలేని వరండాలు, మెట్ల మలుపుల్లో పేర్చిన అట్టపెట్టెలు, వాటిని నెత్తిన పెట్టుకుని 'జరగండి జరగండి' అంటూ దూసుకుపోయే కుర్రాళ్లు. ఓ పక్క లాప్‌టాప్ పొట్ట విప్పి, భూతద్దం కింద తీగ ముక్క అతికిస్తున్న మెకానిక్. ఇంకో పక్క అద్దాల గదిలో రంగురంగుల దీపాలు మెరుస్తున్న గేమింగ్ పీసీ. ఒకే వాక్యంలో తెలుగు, హిందీ, ఇంగ్లిషు కలిసిపోయే బేరాలు.

ఈ బజారుకీ అమీర్‌పేటకీ మధ్య ఓ చుట్టరికం ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులో చేరడం, సీటీసీకి వచ్చి విడిభాగాలతో కంప్యూటర్ కట్టించుకోవడం... సాఫ్ట్‌వేర్ కలలు కన్న ఓ తరానికి అదే వరస. 15 అంగుళాల బరువైన గాజు మానిటర్‌ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికెళ్లిన రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పుడు నడివయసుకి వచ్చారు. వాళ్ల పిల్లలు అవే మెట్లెక్కి అడుగుతున్నది 'అల్ట్రావైడ్ కర్వ్‌డ్'. అంటే, మామూలు తెర కన్నా బాగా వెడల్పుగా, విల్లులా వంగి ఉండే మానిటర్.

సినిమాస్కోప్ లెక్క
మామూలు మానిటర్ కొలత 16:9. అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. అల్ట్రావైడ్‌ది 21:9. ఈ నిష్పత్తి మనకేం కొత్త కాదు. 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం వచ్చినప్పుడు వెండితెర ఎలా సాగిందో ఇదీ దాదాపు అలాంటిదే. 2012లో ఎల్‌జీ 29 అంగుళాల 21:9 మానిటర్‌ను తీసుకొచ్చింది. 2014లో 34 అంగుళాల వంపు తెరలు వచ్చాయి. 2017లో శామ్‌సంగ్ 49 అంగుళాలకు, 32:9 కొలతకు వెళ్లింది. 2022లో ఏలియన్‌వేర్ 34 అంగుళాల్లోనే ఓఎల్‌ఈడీ తెరను దించింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. '27 కన్నా 34 పెద్దది కదా, అన్ని వైపులా పెద్దగా ఉంటుంది' అనుకుంటారు. అంగుళాలను కొలిచేది మూల నుంచి మూలకు. 34 అంగుళాల అల్ట్రావైడ్ వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, ఎత్తు 33. మామూలు 27 అంగుళాల మానిటర్ ఎత్తూ ఇంచుమించు అంతే! పెరిగేది వెడల్పు ఒక్కటే. అలాగే 29 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 23 అంగుళాల మామూలు తెరంత. దాన్ని కొని ఇంటికి తీసుకెళ్లాక 'ఇదేంటి, పాతదాని కన్నా పొట్టిగా ఉంది' అని నిరాశపడేవాళ్లు అందుకే ఉంటారు. ఇక 49 అంగుళాలదంటే రెండు 27 అంగుళాల తెరల్ని మధ్యలో గీత లేకుండా అతికించినట్టు. వెడల్పు దాదాపు 120 సెంటీమీటర్లు!

చుక్కల లెక్కా చూడాలి. 34 అంగుళాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి 2560×1080, రెండోది 3440×1440. మొదటిదాంట్లో అంగుళానికి 82 చుక్కలే పడతాయి. అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. రెండోదాంట్లో 110 పడతాయి. గంటల తరబడి అక్షరాలు చదివేవాళ్లకి ఆ తేడా కళ్లకి తెలిసిపోతుంది. 2560×1080 కావాలంటే 29 అంగుళాల దగ్గరే ఆగడం మేలు.

వంగితే ఏంటట?
వంపు సోకు కోసమేనా? కాదు. చదునైన 34 అంగుళాల తెర ముందు 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నారనుకోండి. తెర మధ్యభాగం మీ కంటికి 70 సెంటీమీటర్లలో ఉంటే, అంచులు 80కి పైనే ఉంటాయి. అదే 49 అంగుళాలదైతే అంచులు 92 సెంటీమీటర్ల దూరానికి జరిగిపోతాయి. మధ్య నుంచి అంచుకు చూపు తిప్పినప్పుడల్లా కన్ను తన లెక్క సరిచేసుకోవాలి. అంచుల్ని కాస్త ముందుకు వంచితే ఆ తేడా తగ్గుతుంది. వంపు అందుకే.

పెట్టె మీద 1800ఆర్, 1500ఆర్, 1000ఆర్ అని ఉంటుంది. అలాంటి తెరల్ని వరసగా పేర్చి గుండ్రంగా చుట్టేస్తే వచ్చే వృత్తానికి వ్యాసార్ధం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకె అది. 1800ఆర్ అంటే 1.8 మీటర్లు, 1000ఆర్ అంటే మీటరు. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. కారు పందేలు, విమానం నడిపే ఆటలకి గాఢమైన వంపు భలే ఉంటుంది. రోజంతా షీట్లూ అక్షరాలూ చూసేవాళ్లకి 1800, 1500 హాయి. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, ఫొటోలు దిద్దేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. తిన్నని గీత వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది మరి.

ఇదంతా కాగితం మీద చదివితే తేలేది కాదు. ఎదురుగా కూర్చుని చూడాల్సిందే. సీటీసీలాంటి బజార్లకి ఇంకా జనం రావడానికి ఒక కారణం అదే.

అక్కకు షీట్లు... తమ్ముడికి ఆటలు
కరీంనగర్ నుంచి వచ్చిన ఓ అక్కాతమ్ముళ్ల సంగతే చూడండి. జూబ్లీ బస్ స్టేషన్లో దిగి, పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఎక్కి, పక్క స్టేషన్లోనే దిగి నేరుగా సీటీసీకి వచ్చారు. అక్క ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆసుపత్రి బిల్లుల లెక్కలు చూసే ఉద్యోగం. ఒక పక్క షీటు, ఒక పక్క రోగి వివరాలు, ఇంకో పక్క ఆఫీసు సందేశాలు. 14 అంగుళాల లాప్‌టాప్‌లో కిటికీలు మార్చిమార్చి చూసేసరికి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పైగా ఒక వరసలో అంకె ఇంకో వరసలో పడితే పైవాళ్లతో మాటలు. చిట్టీ ఎత్తగా వచ్చిన 40 వేలు ఆమె సంచిలో ఉన్నాయి. తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఆటల పిచ్చి. ఇద్దరికీ కలిపి ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల.

దుకాణంలో అడుగుపెట్టగానే తమ్ముడి కళ్లు 49 అంగుళాల దాని మీద పడ్డాయి.

''అక్కా, ఇది చూడు! ఇట్ల కూర్చుంటే విమానం నడిపినట్టే ఉంటది!''

''మన బల్ల మీద పడతదారా అది? ఇంట్ల మనం ఏడ కూర్చోవాలె?''

నడివయసు దుకాణదారు నవ్వి, బేరం మొదలెట్టకుండా ప్రశ్నలు మొదలెట్టాడు. ''తమ్మీ, నీ పీసీల గ్రాఫిక్స్ కార్డు ఏందో చెప్పు ముందు. తెర సంగతి తరవాత.''

ఆ ప్రశ్నలోనే సగం జవాబుంది. మామూలు 1080 తెరలో చుక్కలు సుమారు 20.7 లక్షలు. 3440×1440లో 49.5 లక్షలు. అంటే దాదాపు 2.4 రెట్లు! ఆట నడిచేటప్పుడు సెకనుకి పదుల సార్లు ఆ చుక్కలన్నిటికీ రంగులు వెయ్యాల్సింది గ్రాఫిక్స్ కార్డే. నాలుగైదేళ్ల నాటి మధ్యరకం కార్డుకి 49 అంగుళాల తెర తగిలిస్తే, అది మోయాల్సిన చుక్కలు 73.7 లక్షలు. స్కూటర్‌కి లారీ ట్రాలీ కట్టినట్టే!

ఆడే ఆట ఏంటన్నదీ ముఖ్యమే. 'ఫోర్జా హొరైజన్ 5', 'మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్' లాంటివి వెడల్పు తెర మొత్తాన్నీ నింపేస్తాయి. రోడ్డు రెండు పక్కలా కనిపిస్తుంటే ఆ మజాయే వేరు. కానీ 'వాలరెంట్' లాంటి పోటీ ఆటలో వెడల్పు తెర ఉన్నవాడికి అదనంగా ఏమీ చూపించరు. అందరికీ సమానంగా ఉండాలి కదా! 2022లో విడుదలైన 'ఎల్డెన్ రింగ్' అయితే రెండు పక్కలా నల్ల పట్టీలతో వచ్చింది. ప్లేస్టేషన్ 5 కూడా 16:9 బొమ్మనే పంపుతుంది. దానికోసం అల్ట్రావైడ్ కొంటే మిగిలేది ఆ నల్ల పట్టీలే. తమ్ముడు ఎక్కువగా ఆడేది వాలరెంట్. సెలవుల్లో కారు పందేలు. లెక్క విన్నాక 49 వైపు చూడటం తగ్గించాడు.

మూడు రకాల తెరలు
లోపలి పలకను బట్టి తెరలు మూడు రకాలు. ఐపీఎస్‌లో రంగులు నిలకడగా ఉంటాయి, పక్క నుంచి చూసినా మారవు. కానీ నలుపు కాస్త బూడిదరంగులా కనిపిస్తుంది. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అందుకే వంపు తెరల్లో ఎక్కువ కనిపించేది ఇదే. దీని లోపం... చీకటి దృశ్యాలు వేగంగా కదిలినప్పుడు వెనకాల మసిగుడ్డతో తుడిచినట్టు చారలు కనిపించొచ్చు. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరుతుంది. నలుపంటే కటిక నలుపే. కదలిక కూడా మెరుపే. అయితే ధర బాగా ఎక్కువ. పైగా ఒకే గీత, ఒకే పట్టీ రోజుకి ఎనిమిది గంటలు కదలకుండా నిలబడితే కొన్నాళ్లకి దాని మచ్చ తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. అక్క చేసేది ఏంటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని గళ్ల షీటు!

''అమ్మా, నీ పనికి ఓఎల్‌ఈడీ వద్దు. తీసుకుంటే మచ్చకు కూడా వారంటీ ఉందా అని రాతల చూసుకోవాలె'' అని ఖరీదైనదాన్ని పక్కకి జరిపేశాడు దుకాణదారు.

''ఒకటెందుకు, రెండు చిన్నయి కొంటే అయిపోదా?'' అడిగింది అక్క. మంచి ప్రశ్నే. రెండు మామూలు మానిటర్లు చాలాసార్లు ఒక అల్ట్రావైడ్ కన్నా తక్కువకే వస్తాయి. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది. వీడియో కాల్‌లో ఒక తెరను అందరికీ చూపించి, రెండో దాంట్లో తన పని తాను చేసుకోవచ్చు. అల్ట్రావైడ్‌లో తెర మొత్తం చూపిస్తే అవతలివాళ్ల లాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అందుకే ఒక్క కిటికీని మాత్రమే చూపించడం అలవాటు చేసుకోవాలి. కానీ రెండు తెరలైతే మధ్యలో అంచుల గోడ తప్పదు. సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఎదురుగా ఉండేది ఆ గోడే. మూడు కిటికీల పనికి 3440 చుక్కల వెడల్పు చక్కగా సరిపోతుంది. ఒక్కోదానికీ 1,140కి పైనే వస్తాయి. విండోస్ 11లో విండోస్ మీటతో పాటు జెడ్ నొక్కితే అమరికలు కనిపిస్తాయి, నచ్చినదాన్ని ఎంచుకుని కిటికీల్ని వరసగా సర్దుకోవచ్చు.

ఇక్కడ ఇద్దరికీ పనికొచ్చే మాట ఇంకోటుంది. కొన్ని మానిటర్లలో కేవీఎం అనే ఏర్పాటు ఉంటుంది. అక్క లాప్‌టాప్, తమ్ముడి పీసీ రెండూ ఒకే తెరకు తగిలించి, ఒకే కీబోర్డూ మౌసుతో మీట నొక్కి మార్చుకోవచ్చు. యూఎస్‌బీ-సీ ఉంటే ఒకే తీగతో బొమ్మా వస్తుంది, లాప్‌టాప్ చార్జింగూ అవుతుంది. లాప్‌టాప్‌లో ఆ పోర్టుకి బొమ్మ పంపే శక్తి ఉందో లేదో చూసుకోవాలి. తీగల విషయంలో ఇంకో మెలిక... తెర 144 హెర్ట్జ్ అని పెట్టె మీద ఉన్నా, హెచ్‌డీఎంఐ 2.0తో 3440×1440 సుమారు 100 దగ్గరే ఆగుతుంది. పూర్తి వేగం కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ తీగ వాడాలి.

నాన్న జానలు
అన్నీ కుదిరాయి. 34 అంగుళాలు, 3440×1440, వీఏ పలక, 1500ఆర్ వంపు. బిల్లు రాయబోతూ దుకాణదారు ఆగాడు. ''ఇంట్ల బల్ల లోతెంత?''

అక్కాతమ్ముళ్లు మొహాలు చూసుకున్నారు. కొలత తేలేదు. ఇంటికి ఫోన్ చేశారు. టేపు దొరకలేదేమో, నాన్న చేత్తోనే కొలిచాడు. ''రెండు జానలున్నది బిడ్డా!''

రెండు జానలంటే 45 సెంటీమీటర్లు. వంపు తెరకి కాళ్లు వెడల్పుగా చాపిన స్టాండు ఉంటుంది. దానికే పాతిక సెంటీమీటర్ల దాకా పోతుంది. పైగా తెర అంచులు ఇంకా ముందుకొస్తాయి. కీబోర్డు పెట్టాక కంటికీ తెరకీ మధ్య జానెడు దూరం మిగిలితే గొప్ప. 60 నుంచి 80 సెంటీమీటర్ల దూరం లేకపోతే ఈ తెర హాయి కాదు, హింస. టెన్నిస్ ఆట చూసినట్టు తల అటూఇటూ తిప్పుతూనే ఉండాలి. పనిచేసేటప్పుడు మెడనొప్పి తగ్గాలని కొంటే, కొత్త నొప్పి కొనితెచ్చుకున్నట్టే.

దారి లేకపోలేదు. మానిటర్ వెనక నాలుగు మర రంధ్రాలుంటే గోడకి బిగించుకోవచ్చు. వాటి మధ్య దూరం సాధారణంగా 100 మిల్లీమీటర్లు. అన్ని వంపు తెరలకీ ఇవి ఉండవు. చూసి తీసుకోవాలి. తెర గోడకి చేరితే బల్ల మొత్తం ఖాళీ, కంటికీ దూరం దక్కుతుంది. సొంతిల్లు కాబట్టి మేకులు కొడితే అడిగేవాళ్లు లేరు. స్టాండు అందంగా ఉన్నదాన్ని వదిలేసి, రంధ్రాలున్న ఇంకో మోడల్ వైపు మళ్లారు ఇద్దరూ.

డబ్బులిచ్చే ముందు
పెట్టె విప్పాక అయిదు నిమిషాల పరీక్ష తప్పనిసరి. సొంత లాప్‌టాప్ తీసుకెళ్లి తగిలించండి. దుకాణంలో కళ్లు చెదిరేలా పెట్టిన వెలుతురును ఇంట్లో పెట్టుకునేంతకి తగ్గించండి. తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా నింపి చూస్తే చచ్చిన చుక్కలు బయటపడతాయి. నలుపు మీద తెల్ల అక్షరాలున్న పేజీని వేగంగా జరిపితే వీఏ చారలు తెలుస్తాయి. లైట్లు ఆర్పి నలుపు పెడితే మూలల్లోంచి వెలుతురు కారుతోందేమో కనిపిస్తుంది. ఎన్ని చుక్కలు చచ్చిపోతే మార్చిస్తారు, ఇంటికొచ్చి చూస్తారా లేక మోసుకురావాలా అన్నది కరీంనగర్ లాంటి ఊళ్లవాళ్లు ముందే అడగాలి. పెట్టె మీది సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి. 'బిల్లు లేకుండా తక్కువకిస్తా' అన్న మాటకి పడిపోతే వారంటీ నీళ్లొదులుకున్నట్టే.

పన్ను సంగతీ తెలుసుకోవాలి. 2019 జనవరి నుంచి 32 అంగుళాల దాకా మానిటర్లకి జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 28 శాతం ఉండేది. రెండంగుళాలు దాటిన పాపానికి 34 అంగుళాల తెర మీద అదనపు భారం పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత చెరిగిపోయింది. ఇప్పుడు అన్నిటికీ 18 శాతమే. పన్ను కాక 30 వేలున్న మానిటర్ మీద ఆ ఒక్క మార్పుతో 3 వేలు తగ్గినట్టు. పాత ధర చీటీ చూపించి బేరమాడేవాళ్లుంటే ఈ లెక్క గుర్తుచేయొచ్చు.

ఇంటిదారి పట్టేటప్పుడు పెట్టెను పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. తెర మీద వేళ్లతో నొక్కకూడదు. వారంటీ తీరేదాకా అట్టపెట్టె పారేయకూడదు.

సాయంత్రానికి జూబ్లీ బస్ స్టేషన్లో కరీంనగర్ బస్సు ఎక్కింది ఆ పొడుగాటి పెట్టె. గోడ బిగింపు, డిస్‌ప్లేపోర్ట్ తీగ పోగా చిట్టీ డబ్బుల్లో ఇంకా కొంత మిగిలింది. దారిలోనే పంపకాలు తేలిపోయాయి. గోడకి మేకులు కొట్టే పని నాన్నది. పగలు తెర అక్కది. రాత్రి తొమ్మిది దాటాక రోడ్డూ కారూ తమ్ముడివి!